షిగురెకు వినబడేలా

శిరాహత ముసలాయన గుర్రాలశాల మూసేస్తున్నాడన్న కబురు, వేసవి మొదలవుతూనే తీరం వెంట కొంబు నాచు ఆరేసుకునే ఇళ్ళన్నిటికీ పాకింది. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. స్వారీ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలూ తగ్గిపోయారు. ఉన్న గుర్రాలకి ఒక్కొక్కదానికీ ఎక్కడో ఒకచోట గూడు దొరికింది. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది.

దాని పేరు షిగురె. ఆకురాలు కాలం చివర్లో పడే సన్నటి తుంపరకి ఆ పేరు. ఒళ్ళంతా అదే బూడిదరంగు. పదిహేనేళ్ళ ఆడగుర్రం. కుడికన్ను పోయి చాలాకాలమైంది, నీలిపాల పొర కమ్మి గాజుగోళీలా ఉంటుంది. ఇప్పుడు ఎడమకంటికీ అదే జబ్బు సోకింది. కొన్నాళ్ళు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ చూపులో కొంత తీసుకుపోతుంది. చంద్రుడిలా వచ్చి పోతుంటుందని పాతవాళ్ళు దాన్ని చంద్రుడి జబ్బు అనేవారు.

సుమియే చలికాలంలో, సముద్రం మీద పని లేని నెలల్లో, ఆ శాలకి పేడ ఎత్తడానికి వెళ్ళేది. షిగురె ఆమె కోటు జేబులు మూతితో వెతికి క్యారెట్ ముక్క దొరికేదాకా వదిలేది కాదు. ఎనిమిది చలికాలాలుగా ఇద్దరికీ అదే అలవాటు.

"నిన్ను ఇబ్బంది పెట్టాలని కాదమ్మా సుమియే," అన్నాడు శిరాహత. "చెప్పకపోతే రేపు నువ్వే నన్ను తిట్టిపోస్తావని చెబుతున్నాను. నెలాఖరు శుక్రవారం లారీ వస్తుంది."

ఏ లారీ అని ఆమె అడగలేదు. ముసలి గుర్రాలని ఎక్కించుకునే లారీ ఎక్కడికి పోతుందో, అక్కడినుంచి ఎవరి పళ్ళాల్లోకి చేరుతుందో ఈ పక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎవరూ దాన్ని తప్పనరు. ఎవరూ దాని గురించి గట్టిగా మాట్లాడరు కూడా.

ముందు తీసుకెళ్ళి చూసుకొమ్మన్నాడు ముసలాయన. చేతకాకపోతే లారీ వచ్చేలోగా వెనక్కి పంపెయ్యమన్నాడు. అందుకు తనేమీ అనుకోనన్నాడు.

ఆ పూట అన్నాల దగ్గర సుమియే ఈ సంగతి కదిపింది. ఆమె భర్త ఇవావో సాల్మన్ ముక్కలో ముల్లు తీసి పక్కన పెట్టి, "వద్దు," అన్నాడు. అంతే. ఎందుకు వద్దని ఆమె ఎన్నివిధాల అడిగినా మాట పెగల్లేదు. అంబలి తాగినట్టు సూపు తాగేసి, చేతులు తుడుచుకుని పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇవావో అంటే బండరాయి. తమ మామగారు ముందుచూపుతోనే ఆ పేరు పెట్టారని సుమియే అత్తగారు ఉన్నన్నాళ్ళూ నవ్వేది. నలభై ఏళ్ళ కాపురంలో సుమియే భర్త మౌనాలకి అర్థాలు చెప్పుకోవడం నేర్చుకుంది గానీ ఈ "వద్దు"కి మాత్రం అర్థం దొరకలేదు. చాకిరీకి భయమా? గడ్డి ఖర్చా? గుర్రమంటేనే పడదా? కారణం చెప్పని మనిషితో వాదించడమంటే గాలితో కుస్తీ పట్టడమే. చివరికి విసిగిపోయి, "నేను తెచ్చుకుంటున్నాను, నువ్వు దాని మొహం చూడక్కర్లేదు," అని చెప్పేసింది.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి అతను ఇంటి వెనక గడ్డివాలులో గుంజలు పాతుతున్నాడు. సాయంత్రానికి కంచెగా తెల్లపట్టీ చుట్టూ బిగించి, ఏమీ జరగనట్టు స్నానానికి వెళ్ళిపోయాడు.

షిగురె వచ్చిన రోజునే పశువుల డాక్టరమ్మ ముకై వచ్చి చూసింది. ముప్పై దాటి రెండు మూడేళ్ళుంటాయేమో, మాటలో తొందర లేదు. ఎడమకన్ను ఇంకో ఏడాది నిలవొచ్చు, ఈ సీజన్‌తోనే పోనూ వచ్చు అంది. మందు పూయడం సుమియేకి చూపించింది. దాని మేతతొట్టి, నీళ్ళతొట్టి ఒక్కసారి పెట్టిన చోటినుంచి జరపొద్దని చెప్పింది.

"గుడ్డిగుర్రం బతకలేదనుకోకండి. చోటు అలవాటైతే హాయిగా బతుకుతుంది. కష్టమంతా ఇప్పుడే, సగం కనబడీ కనబడని ఈ రోజుల్లోనే. నీడ చూసి పులనుకుంటుంది. ఏ పక్కనుంచి వెళ్ళినా ముందు మాట్లాడండి. అది మాత్రం మరిచిపోకండి."

సుమియే మరిచిపోలేదు, మొదటి వారమంతా. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఎండ కాస్తుండగానే పడమటి నుంచి మబ్బు లేచింది. పొద్దుటినుంచి గులకరాళ్ళ మీద పరిచిన కొంబు ఇంకా పూర్తిగా ఆరలేదు. వాన పడితే ఆ రోజు సరుకంతా పాడైపోతుంది. పరుగున పోయి సగం కొంబు పోగుచేసి, గుర్రానికి ఒక గడ్డిమోపు పడేసి మళ్ళీ వద్దామని అదే పరుగున వాలు ఎక్కింది. ఆయాసంలో నోట మాట లేదు. కుడిపక్కనుంచి వెళ్ళింది.

గడ్డిమోపు షిగురె డొక్కకి తగలడమూ, గుర్రం ఒక్కసారిగా తిరగడమూ మాత్రం ఆమెకి గుర్తున్నాయి. కళ్ళు తెరిచేసరికి గుంజ మొదట్లో పడి ఉంది. భుజం దగ్గర ఎముక చర్మాన్ని లోపలినుంచి పొడుస్తోంది. షిగురె కంచె రెండో చివర నిలబడి వణుకుతోంది.

ఆస్పత్రి నుంచి చెయ్యి మెడకి కట్టుకుని ఇంటికి వచ్చాక ఆమె అంది, తప్పు తనదేనని, గుర్రానిది కాదని. ఇవావో విన్నాడు. విని ఫోన్ తీసి శిరాహతకి చెప్పాడు, తీసుకెళ్ళిపొమ్మని. ముసలాయన దగ్గర ఇప్పుడు పనివాళ్ళెవరూ లేరు, శాలలో గడ్డి కూడా లేదు. లారీనే మీ ఇంటికి పంపుతాను, శుక్రవారం దాకా ఓపిక పట్టండి అన్నాడు.

అందాకా మేత వేసేదెవరు? ఇవావోయే వెయ్యాలి.

మొదటిరోజు అతను నీళ్ళబాల్చీ పట్టుకుని తన అలవాటు ప్రకారం ఉలుకూ పలుకూ లేకుండా వెళ్ళాడు. షిగురె చెవులు వెనక్కి పెట్టి వెనకకాలు లేపింది. కంచె దగ్గరే ఆగిపోయాడు. గుర్రం కన్ను చూడటానికి వచ్చిన డాక్టరమ్మ అక్కడే ఉంది. మాట్లాడమంది. ఏం మాట్లాడాలన్నాడు. ఏదైనా, ఆపకుండా మాట్లాడమంది.

సుమియే కిటికీ పక్కన పడక మీదినుంచి చూస్తోంది. ఆ మనిషి చాలాసేపు బాల్చీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని రేవులో ఉన్న పడవల పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. పేరుకొక అడుగు. పడవలన్నీ అయిపోయాక, మునిగిపోయినవీ అమ్మేసినవీ కూడా చెప్పాడు. ఆ పేర్ల మీద నడుస్తూ గుర్రం దగ్గరికి చేరి బాల్చీ దించాడు. సుమియేకి నవ్వొచ్చింది గానీ ఎముక కలుక్కుమని నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

మర్నాడు పడవలతో పాటు గాలివాటు చెప్పాడు. ఆ మర్నాడు కొంబు ధర, కొంబు దొంగలించే పొరుగువాడి సంగతి చెప్పాడు. మందు కూడా అతనే పూశాడు. ఇంట్లోకి వచ్చాక మాత్రం మళ్ళీ బండరాయే.

ఇటు సుమియే మంచం మీద పడుకుని తనలో తానే వాదించుకుంటూ ఉంది. చెయ్యి నయం కావడానికి శరత్తు దాకా పడుతుందన్నారు. సీజన్ మధ్యలో ఆయన ఒక్కడే పడవ, ఆయన ఒక్కడే ఆరబోత, ఆపైన గుర్రం. తన జాలి ఖరీదు ఆయన ఒళ్ళు చెల్లిస్తోంది. గుర్రం మీద ప్రేమ ఉంటే సరిపోతుందా, చేతులుండొద్దూ? ఆలోచించిన కొద్దీ ఆయన అన్న "వద్దు" సరైనదే అనిపించసాగింది. గురువారం పొద్దున టీ తాగుతూ చెప్పేసింది.

"నువ్వన్నదే నిజమయ్యా. రేపు లారీ ఎక్కించేద్దాం. నేను బయటికి రాను."

ఇవావో కప్పు కింద పెట్టాడు. ఏదో అనబోయి ఆగాడు. "ఊ," అన్నాడు చివరికి.

ఆ పొద్దు సముద్రం మీదినుంచి పొగమంచు దట్టంగా ఎక్కివచ్చింది. రేవులో పడవలు వెళ్ళొచ్చని చెప్పే జెండా ఎత్తలేదు, పడవలు కదల్లేదు. పది అడుగుల అవతల కంచె కూడా కనబడటం లేదు. ఇవావో గొడౌన్‌లో ఆరిన కొంబు కట్టలు కడుతుండగా ఇంటివెనక గుంజలు విరిగిన చప్పుడయింది, వెంటనే దుప్పులు అరిచాయి. కొండమీది దుప్పులగుంపు మంచులో దారి తప్పి కంచెలోంచి దూసుకుపోయింది. వాటి గిట్టల చప్పుడు వెంట బరువైన గిట్టల చప్పుడు ఇంకొకటి వాలు దిగి పోవడం సుమియేకి వినబడింది.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఆమె బయటికి వచ్చేసరికి ఇవావో పడవతాడు భుజాన వేసుకుని ముందు పోతున్నాడు. ఇంట్లోకి పొమ్మన్నాడు. ఆమె వినలేదు.

దుప్పులు ఎటో పోయాయి. తీరానికి చేరేసరికి గులకరాళ్ళ మీద చప్పుడు ఆగిపోయింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. అలల హోరు ఏ పక్కనుంచి వస్తోందో మంచులో తెలియదు, అన్ని పక్కలనుంచీ వస్తున్నట్టే ఉంటుంది. కళ్ళున్నవాళ్ళకే అలా ఉంటే దానికెలా ఉంటుంది? అప్పుడు నీళ్ళ అవతలినుంచి సకిలింపు వినబడింది. షిగురె నల్లతిన్నె మీద ఉంది. పోటు లేనప్పుడు నడిచి వెళ్ళగలిగే రాతితిన్నె అది. పోటు ఎక్కితే తీరానికీ దానికీ మధ్యనున్న చీలిక ముందు నిండుతుంది, ఆ తర్వాత తిన్నే మునుగుతుంది. పోటు ఎక్కుతోంది.

"షిగురె," అని ఆమె గట్టిగా పిలిచింది.

వెనకనున్న కొండరాయి ఆ కేకని పట్టుకుని సముద్రం వైపు విసిరింది. మంచు ఒక్క క్షణం పలచబడింది. బూడిదరంగు ఆకారం తల ఎత్తి, ఆ కేక తిరిగి పడిన వైపుకి, లోతు వైపుకి రెండడుగులు వేసింది.

"పిలవకు," అన్నాడు ఇవావో ఆమె మంచిచెయ్యి పట్టుకుని. "రాయి నీ గొంతుని అటు పంపిస్తోంది. దగ్గరకెళ్ళి చిన్నగా మాట్లాడాలి. నువ్విక్కడే ఉండు. నేను దారి తప్పితే నీ దగ్గరికి రావాలి."

తాడు ఒక కొస నడుముకి కట్టుకుని, రెండోది ఆమె చేతిలో పెట్టి అతను చీలికలోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. కింద నాచు జారుడు. ఒకసారి తల మునిగి తేలినట్టు సుమియేకి అనిపించింది. ఆ తర్వాత మంచు కమ్మేసింది. తాడు మాత్రం ఆమె వేళ్ళమధ్యనుంచి కొంచెం కొంచెంగా జారిపోతోంది. తాడు కదిలినంతసేపు మనిషి ఉన్నట్టే అనుకుంది. తాడు ఆగింది. ఆమె అతన్ని పేరు పెట్టి పిలవబోయి, నోరు మూసుకుంది.

అప్పుడు అతని గొంతు వినబడింది. పడవల పేర్లు. అరుపు కాదు, పక్కనున్న మనిషితో చెప్పుకుంటున్నట్టు. ఒక్కొక్క పేరూ వణుకుతోంది, నీళ్ళు అంత చల్లగా ఉన్నాయి. పేర్లు అయిపోయాయి. మునిగినవీ అయిపోయాయి. గిట్టలు రాతి మీద అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఇంకా చేతికి చిక్కలేదన్నమాట. మాట ఆగితే గుర్రం బెదురుతుంది. నలభై ఏళ్ళుగా మాట దాచుకున్న మనిషికి మాట్లాడక తప్పని గతి పట్టింది.

"నేనే, ఇవావోని. బాల్చీ తెచ్చేవాణ్ణి. కదలకు. నిన్ను వద్దన్నది నేనే. ఎందుకో చెబుతా, విను. నీకింకా పదిహేనేళ్ళ బతుకుంది. నాకు అరవై ఎనిమిది. సుమియేకి అరవై నాలుగు. లెక్క నువ్వే వేసుకో. మేము ముందు పోతే నీ గతేమిటి? పూర్తిగా గుడ్డిదానివై, ముసలిదానివై, మా గొంతులకి అలవాటుపడ్డాక నిన్ను ఎవరో తెలియని వాడు లారీ ఎక్కిస్తాడు. దానికంటే ఇప్పుడే పోవడం నయమనుకున్నాను. ఈ మాట సుమియేతో ఎలా చెప్పను? నేను పోయాక అని మొదలుపెట్టాలి. మొదలుపెట్టలేకపోయాను. అదీ సంగతి. ఆఁ, మూతి ఇటు పెట్టు. ఇదీ నా చెయ్యి. చూశావా, చెయ్యే."

గిట్టల చప్పుడు ఆగింది.

సుమియే తాడు పట్టుకుని అలాగే నిలబడింది. మొహం మీద తడి మంచుదో కంటిదో ఆమె చూసుకోలేదు. మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఎక్కడ గుండ్రాయి, ఎక్కడ గుంట, ఇప్పుడు దిగాలి, ఇప్పుడు ఈదాలి అని గుర్రానికి దారంతా చెబుతున్నాడు. చీలిక దగ్గర షిగురె మొరాయించింది. ఒక అల వచ్చి రాతి మీద విరిగింది. ఇవావో పడ్డ చప్పుడు, గుర్రం ముక్కులోంచి పెద్ద ఊపిరి, ఆపైన ఏమీ లేదు. తాడు వదులైపోయింది.

ఆమె ఒంటిచేత్తో తాడుని మోచేతికి చుట్టుకుని లాగసాగింది. విరిగిన ఎముక లోపల కోసేస్తోంది. తాడు బిగిసింది. మంచులోంచి ముందు గుర్రం తల, దాని జూలు పిడికిట పట్టుకుని వేలాడుతూ ఆమె మొగుడు బయటికి వచ్చారు. నీళ్ళలో కాళ్ళు తేలిపోతే దాని మెడే పట్టుకున్నాడట. అది ఈదింది. ఒడ్డు ఎటో అతను దాని చెవిలో చెబుతూ వచ్చాడు.

కాళ్ళకింద గులకరాళ్ళు తగిలాక ముగ్గురూ అలాగే నిలబడి వణికారు. గుర్రం తల తిప్పి అటూ ఇటూ వెతకడంతో ఇవావో మళ్ళీ అందుకున్నాడు, "ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా."

డాక్టరమ్మ ముకై మధ్యాహ్నం దాటాక వచ్చింది. రాతికి చీరుకుపోయిన ముందుకాలు కుట్టింది. సుమియే కట్టు మళ్ళీ బిగించి, ఆస్పత్రికి వెళ్ళి చూపించుకోమని గట్టిగా చెప్పింది. ఎడమకంట్లో దీపం వేసి చూసి, ఈ దెబ్బతో జబ్బు మళ్ళీ రేగుతుంది, ఇక ఎన్నాళ్ళో చెప్పలేనంది. సామాను సర్దుకుంటూ, రేపు లారీ ఎప్పుడని అడిగింది.

సుమియే ఇవావో వైపు చూసింది. అతను దుప్పటి కప్పుకుని గొడౌన్ గడప మీద కూర్చుని ఉన్నాడు.

"డాక్టరమ్మా, ఒకటి అడుగుతాను," అన్నాడు. "నీ వయసెంత?"

ముప్పై మూడు అందామె, ఆశ్చర్యపోతూ.

"మాలో ఒకరం పోయి, రెండోవాళ్ళకి చేతకాని రోజు వస్తుంది. ఆ రోజు ఫోన్ చేస్తే నువ్వొచ్చి దీన్ని ఇక్కడే, ఈ గడ్డి మీదే పడుకోబెట్టాలి. లారీ ఎక్కనివ్వకూడదు. వస్తానంటే ఉంచుకుంటాం. రానంటే రేపే పంపేస్తాం. మెహర్బానీకి ఒప్పుకోవద్దు. ఆలోచించి చెప్పు."

ఆరోగ్యంగా ఉన్న గుర్రాన్ని చంపమంటున్నారా అని డాక్టరమ్మ అడిగింది. ఆరోగ్యంగా ఉందో లేదో ఆ రోజు చూసుకోమన్నాడు. ఇంకెవరైనా మంచివాళ్ళు దొరికితే ఇవ్వమన్నాడు, దొరక్కపోతే మాత్రం మాట తప్పొద్దన్నాడు. ఆమె చేతులు కడుక్కుంది, తుడుచుకుంది. గొడౌన్ బయటికి వెళ్ళి కాసేపు సముద్రం వైపు నిలబడి వచ్చింది.

"నేను ఈ ఊళ్ళో ఉన్నంతకాలం వస్తాను," అంది ముకై. "వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే ముందు మీకు చెప్పి, నా తర్వాత వచ్చేవాళ్ళ చేత కూడా ఒప్పిస్తాను. అంతకంటే ఎక్కువ మాట ఇవ్వలేను."

"అది చాలు," అన్నాడు ఇవావో. ఆ తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "నువ్వు పంపేద్దామన్నావుగా. ఏమంటావు?" అని అడిగాడు.

అతను తన అభిప్రాయం అడగడం సుమియే ఎన్నేళ్ళ తర్వాత విందో.

"అన్నాను. నీ ఒళ్ళు చూసి అన్నాను," అంది. "మంచులో నువ్వు దానికి చెప్పినదంతా విన్నానయ్యా. అవే మాటలు నాకు అన్నం దగ్గర చెప్పుంటే ఇంత చలి తినేవాడివి కాదు. ఉండనీ. కానీ చెయ్యి బాగయ్యాక పొద్దుటి మేత నాది, సాయంత్రానిది నీది. అన్నీ నీ నెత్తిన వేసుకోకు."

ఫోన్ సుమియేయే చేసింది. అవతల శిరాహత ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. లారీ వాడికి తానే చెబుతానన్నాడు.

షిగురె ఎడమకన్ను ఆ ఏడు మొదటి మంచు పడకముందే పూర్తిగా పోయింది. ఎప్పుడో చూపు పోయిన కుడికంట్లోనూ నొప్పి మొదలై తగ్గకపోవడంతో దాన్ని తీసెయ్యాల్సి వచ్చింది. ఆ వారమంతా అది మేత ముట్టలేదు, తప్పుచేశామేమోనని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత కోలుకుంది. కంచె లోపల అంచున గుండ్రంగా ఇసక పోశారు, గిట్టకి ఇసక తగిలితే ఆగడం నేర్చుకుంది. ఇంకొకసారి గుంజకి గుద్దుకుని నుదురు పగలగొట్టుకుంది. ఒక నల్లమేక తోడు దొరికాక నెమ్మదించింది.

ఇప్పటికి నాలుగు చలికాలాలు గడిచాయి. సాయంత్రం మేత ఇవావోదే. వంటింట్లో బియ్యం కడుగుతూ సుమియే వింటూ ఉంటుంది. ఎవరి పడవ ఇంజను మొరాయించింది, ఈసారి తన మోకాలు ఎక్కడ నొప్పెడుతోంది, సుమియే చేసిన చారులో ఉప్పెంత తక్కువైంది, అన్నీ గుర్రానికి చేరుతున్నాయి. నిన్న ఉప్పు సంగతి వినగానే ఆమె గరిటె పట్టుకుని కిటికీ తెరిచింది.

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా."

కంచె దగ్గర బాల్చీ దించిన చప్పుడయింది. "చెబుదామనే వస్తున్నా," అన్నాడు ఇవావో. "దీని నీళ్ళు అయిపోనీ."